మార్లవాయి నుంచి గుంజాల దాకా: యూనివర్సిటీకి పోయిన మన చరిత్ర ఊరికి తిరిగొచ్చిందా?

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది. రాత్రి భోజనాలు అయినంక తీరికగా చదవండి.

మేము హాస్టల్ పిల్లలం. ఒక్క రూములో ఎనిమిది మందిమి ఉంటం. గోండు, కొలాం, కోయ, నాయకపోడు, అన్ని ఇళ్ళ నుంచి వచ్చినం. ఎనిమిది మందిలో ఎవ్వరింట్లోనూ మా కంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అందుకే డిగ్రీలో హిస్టరీ తీసుకుంటే "దానితో ఏమొస్తది బిడ్డా?" అని ఇంట్లో అడిగితే మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఈ పోస్టు ఒక రకంగా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

పోయిన ఏడు పరీక్షలో కొమురం భీం మీద ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. గైడులో ఉన్న పన్నెండు లైన్లు అందరం దింపేసినం. దీపావళికి దండారి కోసం ఊరికి పోయినప్పుడు మా దోస్తు వాళ్ళ తాతకు ఈ సంగతి చెప్పినం. తాత నవ్విండు. "పన్నెండు లైన్లేనా? భీం దాదా సంగతి చెప్పాలంటే ముందు బాబేఝరి చెప్పాలె, జోడేఘాట్ చెప్పాలె, అడవి చౌకీదారు మన ఎడ్లను ఎట్ల తోలుకపోయేవాడో చెప్పాలె" అని మొదలుపెడితే కోడి కూసే దాకా చెప్పిండు. మేము రాసిన జవాబుకు ఐదుకు నాలుగు మార్కులు వచ్చినయి. తాత చెప్పినదానికి మార్కులు వేసేవాళ్ళు ఎవ్వరూ లేరు.

అప్పటి నుంచి మాలో ఒక ప్రశ్న తిరుగుతున్నది. మన చరిత్ర యూనివర్సిటీల్లో ఉందా, ఊళ్ళల్లో ఉందా? రెండింటి నడుమ తొవ్వ ఎప్పుడైనా పడిందా? పడితే ఎవరు వేసిన్రు? చదివినకొద్దీ తెలిసింది ఏమిటంటే, ఆ తొవ్వ మన జిల్లాలోనే రెండుసార్లు పడింది. ఒకటి మార్లవాయిలో, ఇంకొకటి గుంజాలలో.

ముందు మార్లవాయి. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. 1940లో జోడేఘాట్‌లో భీం అమరుడైనంక, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది. అప్పటికి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త హైదరాబాద్ రాజ్యంలో ఉన్నారు. 1909లో వియన్నాలో పుట్టినాయన. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో శత్రుదేశం పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ వాళ్ళు ఆయనను హైదరాబాద్ రాజ్యం దాటి పోనియ్యలేదు. ఆ విధంగా చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి మన గోండుల దగ్గరికి వచ్చారు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలోనే గుడిసె వేసుకుని ఉన్నారు.

ఆయన తెలుసుకున్నది మన పెద్దలకు ముందే తెలిసిందే. భూములకు పట్టాలు లేవు, రిజర్వు ఫారెస్టు గీతలు గీసి ఊళ్ళకు ఊళ్ళను లేపేసిన్రు, షావుకార్ల లెక్కలు చదవడం మనకు రాదు. కానీ ఊరోళ్ళు చెప్తే వినని సర్కారు, చదువుకున్న మనిషి రిపోర్టు రాస్తే విన్నది. ఈ మాట మాకు కొంచెం చేదుగానే ఉంటది. అయినా జరిగింది అదే.

మాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది 1943లో మార్లవాయిలో మొదలైన టీచర్ల ట్రైనింగ్ కేంద్రం. అప్పుడు చదువొచ్చిన గోండులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఆ కొద్దిమందినే తెచ్చి ట్రైనింగ్ ఇచ్చి, వాళ్ళనే ఊళ్ళకు పంతుళ్ళుగా పంపారు. గోండి భాషలో వాచకాలు తయారుచేసి దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ఆ ప్రాంతంలో అప్పుడు మరాఠీ నడిచేది కాబట్టి ఆ లిపి ఎంచుకున్నారు. అంటే మన పిల్లలు మొదటి రోజు బడిలో తమ ఇంటి మాటనే పుస్తకంలో చూసిన్రు. సేతుమాధవరావు పగడి అనే అధికారి స్వయంగా గోండి నేర్చుకుని ఈ పనిలో నిలబడ్డారు. 1945 నుంచి హైమండార్ఫ్ ఉస్మానియా యూనివర్సిటీలో మానవశాస్త్రం ప్రొఫెసర్‌గా, అదే సమయంలో గిరిజన వ్యవహారాలకు నిజాం సర్కారు సలహాదారుగా ఉన్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఇప్పటికీ జరిగే దర్బార్ కూడా ఆ 1940లలో మొదలైందే. అధికారులు మన దగ్గరికి వచ్చి, కూర్చుని, మన మాట వినాలన్నది దాని ఉద్దేశం.

ఒక్కసారి ఆలోచించండి. ఒకవైపు ఉస్మానియా యూనివర్సిటీ, ఒకవైపు సర్కారు దఫ్తరు, ఒకవైపు మార్లవాయి బడి, ఇంకొకవైపు జాతరలో దర్బార్. ఈ నాలుగూ ఒక్క దారంతో కట్టినట్టు ఉన్నయి. యూనివర్సిటీ సమాజంతో కలిసి పని చేయాలని ఇప్పుడు సెమినార్లు పెడుతున్నారు గదా, ఎనభై ఏళ్ళ కింద మన అడవిలో అది కొంత జరిగింది.

మరి ఆ దారం ఎందుకు తెగింది? ఒక కారణం, అది ఒక్క మనిషి చేతిలో ఉండటం. 1948లో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. ఆ తర్వాత ఏడాదికి ఆయన లండన్ పోయి అక్కడి యూనివర్సిటీలో కుదురుకున్నారు. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చినంక బడి భాష తెలుగు అయింది. గోండి వాచకాలు మూలకు పడ్డయి. ఆయన తీసిన వేల ఫోటోలు, ఎన్నో గంటల సినిమా రీళ్ళు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నయి. మన ముత్తాతలు దండారి ఆడిన ఫోటోలు మన కంటే ముందు లండన్ విద్యార్థులు చూసిన్రు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నయి.

ఆయన్ను తప్పుపట్టడానికి ఈ మాట అంటలేం. 1970లలో మళ్ళీ వచ్చి చూసి, తాము పట్టాలు ఇప్పించిన భూములు ఎట్ల చేతులు మారినయో బాధపడుతూ 1982లో ఇంకో పుస్తకం వేశారు. బెట్టీ 1987లో పోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టిన్రు. మన పెద్దలు ఇప్పటికీ అక్కడ పూలు పెడతరు. అదే మార్లవాయి నుంచి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఊరు మర్చిపోలేదు. మర్చిపోయింది వ్యవస్థ. మనిషి మంచోడైతే పని మంచిగ నడుస్తది, మనిషి పోతే పని ఆగుతది. దాన్ని నెట్‌వర్క్ అనలేం.

ఇట్లాంటిదే ఇంకొకటి మన సవర సోదరుల దగ్గర జరిగింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని కాలేజీలో గిడుగు రామమూర్తి గారి ఫోటోకు దండ వేస్తరు. వ్యావహారిక భాష అని ఉపన్యాసాలు ఇస్తరు. కానీ పర్లాకిమిడిలో హిస్టరీ పంతులుగా ఉన్న ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారన్న ముచ్చట ఎంతమంది చెప్తరు? 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు మద్రాసులో అచ్చయినయి. బడిలో పిల్లలకు వాళ్ళ మాటలోనే చెప్పాలన్న పట్టుదల ఆయన తెలుగు కోసమే కాదు, సవర కోసం కూడా చూపించారు. ఈ సారి ఆ దండ వేసేటప్పుడు మనం లేచి ఈ మాట చెప్పాలె.

ఇప్పుడు గుంజాల. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో చిన్న గోండు గూడెం. "గోండికి లిపి లేదు" అని మాకు బడిలో చెప్పిన్రు. మేమూ నమ్మినం. లిపి లేని భాష అంటే తక్కువ భాష అన్నట్టు మాట్లాడేవాళ్ళు. కానీ గుంజాలలో కొన్ని ఇళ్ళల్లో పెద్దలు పాత రాతప్రతులు దాచుకున్నరు. ఆ అక్షరాలు చదవగలిగిన ముసలివాళ్ళు కొద్దిమంది ఇంకా బతికే ఉన్నరు. ఈ శతాబ్దం మొదట్లో జయధీర్ తిరుమలరావు గారి ఆధ్వర్యంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. దాదాపు డజను రాతప్రతులు దొరికినయి. వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగలు వాటిలో ఉన్నయి. ఈ లిపి సుమారు 1750 నాటిదని పరిశోధకులు అంచనా వేశారు.

ఇక్కడ జరిగిన పని మార్లవాయి కంటే ఒక మెట్టు ముందుకు పోయింది. యూనివర్సిటీలోని దళిత ఆదివాసీ అధ్యయన అనువాద కేంద్రం రాతప్రతులను చదవడానికి ఊరి పెద్దలనే గురువులుగా పెట్టుకున్నది. డాక్టరేట్ ఉన్నవాళ్ళు పలక పట్టుకుని కూర్చుంటే బడికి పోని పెద్దమనిషి అక్షరం దిద్దించిండు. ఉట్నూర్ ఐటీడీఏ కలిసి వచ్చింది. వాచకం తయారైంది. ఊళ్ళో పిల్లలకు క్లాసులు పెట్టిన్రు. కంప్యూటర్‌లో రాసుకోవడానికి ఫాంట్ చేసిన్రు. అంశుమన్ పాండే అనే లిపి పరిశోధకుడు యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండి లిపి చేరింది. అంటే ప్రపంచంలో ఏ ఫోన్ తయారుచేసేవాడైనా గుంజాల అక్షరాలకు చోటు ఇవ్వడానికి ఇప్పుడు దారి ఉంది.

ఈ లిపిలో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. తెలుగులో, హిందీలో హల్లులు 'క'తో మొదలైతయి. గుంజాల లిపిలో 'య'తో మొదలైతయి. ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్న వరుస కాదు అది. మన పెద్దలు తమకు తోచిన వరుసలో పేర్చుకున్నరు. హాస్టల్‌లో ఒక రోజు రాత్రి మేము ఆ అక్షరాలు కాగితం మీద దిద్దినం. కొలాం తమ్ముడు, కోయ అన్న కూడా దిద్దిన్రు. "మా దాంట్లో కూడా ఎక్కడన్నా ఉంటదేమో వెతకాలె" అన్నరు. చరిత్ర చదివితే ఏమొస్తదని అడిగిన మా అమ్మానాన్నలకు ఆ రాత్రి చూపిస్తే బాగుండేది.

గోండి ఒక్క ఆదిలాబాద్ భాష కాదన్నది కూడా మనం గుర్తుపెట్టుకోవాలె. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 29 లక్షల మంది గోండిని మాతృభాషగా చెప్పుకున్నరు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఇట్ల పంచబడి ఉన్నరు. బాలాఘాట్‌కు చెందిన మంగళ్ సింగ్ మసారాం 1918లో ఇంకొక గోండి లిపి తయారుచేశారు. అది 2017లో యూనికోడ్‌లో చేరింది. ఇంతమంది ఉన్నా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో గోండి లేదు. ఒక రాష్ట్రం గోండు మాటలో హిందీ కలిసింది, ఇంకొక రాష్ట్రంలో మరాఠీ, మన దగ్గర తెలుగు కలిసినయి. ఒకరిది ఒకరికి అర్థం కాని పరిస్థితి వచ్చింది. 2014 నుంచి వేర్వేరు రాష్ట్రాల గోండులు కూడి మాట్లాడుకుని అందరికీ పనికొచ్చే నిఘంటువు కోసం పని చేసిన్రు. ఆ పనికి చోటు ఇచ్చిన వాటిలో హంపిలోని కన్నడ విశ్వవిద్యాలయం ఉంది. కన్నడం కోసం పెట్టిన యూనివర్సిటీ గోండి కోసం చాప పరిచింది. ఒక యూనివర్సిటీ చేయగలిగిన మంచి పని అదే అనిపించింది. అన్నీ తనే చెప్పకుండా, దూరం దూరం ఉన్నవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు కావడం.

ఇక మన అనుభవం. నేషనల్ సర్వీస్ స్కీమ్ 1969లో 37 యూనివర్సిటీల్లో మొదలైంది. మేమూ దాంట్లో ఉన్నం. క్యాంపు పేరుతో గూడేనికి పోయి రోడ్డు ఊడుస్తం, మొక్కలు నాటుతం, చేతులు కడుక్కోవాలని చెప్తం. మంచిదే. కానీ ఏడు రోజుల్లో ఒక్క రోజన్నా ఊరి పెద్దను పిలిచి "ఈ ఊరు ఎప్పుడు కట్టిన్రు, ఎక్కడి నుంచి వచ్చిన్రు?" అని అడిగిన క్యాంపు మేము చూడలేదు. నేర్పడానికే పోతున్నం, నేర్చుకోవడానికి పోతలేం.

ఇంకో రకం కూడా ఉంది. మా ఊళ్ళల్లో ఒకదానికి కొన్నేళ్ళ కింద పరిశోధన కోసం కొందరు వచ్చిన్రు. ఎక్కడి నుంచో పేరు వద్దు. కిక్రి వాయించే ప్రధాన్ తాతతో మూడు రోజులు పాడించుకుని రికార్డు చేసుకున్నరు. టీ తాగిన్రు, ఫోటో దిగిన్రు, పోయిన్రు. ఆ రికార్డు ఎక్కడుందో తాతకు తెల్వదు, ఊరికీ తెల్వదు. పోయిన ఎండాకాలం మేమే ఆయన దగ్గర కూర్చుని రాసుకుందామని అనుకున్నం. పరీక్షలు అయినంక వస్తం తాతా అని చెప్పినం. పరీక్షలు అయినయి, పనులకు పోయినం, వానలు పడ్డయి. వానాకాలంలో తాత పోయిండు. పరిశోధకులు తిరిగి రాలేదని కోపం చేసుకున్నం. కానీ పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మేమూ పోలేదు. ఇది మా మీద మేము చెప్పుకుంటున్న మాట.

అందుకే ఇప్పుడు ఈ సంగతి గట్టిగా పట్టుకున్నం. విభజన చట్టం 2014లో రెండు రాష్ట్రాలకూ గిరిజన యూనివర్సిటీలు ఇస్తమని రాసిన్రు. ఆంధ్రాలో విజయనగరం జిల్లాలో 2019లో క్లాసులు మొదలైనయి. మన ములుగులో సమ్మక్క సారక్క యూనివర్సిటీకి పార్లమెంటు 2023 డిసెంబర్‌లో చట్టం చేసింది. బిల్డింగులు లేస్తయి, కోర్సులు వస్తయి. కానీ అక్కడ చెప్పే చరిత్ర ఎవరి నోటి నుంచి వస్తది? సమ్మక్క కథను పడిగె ముందు పెట్టి డోలి కొట్టి చెప్పే కోయ కళాకారులు క్లాసులోకి వస్తరా, లేక వార్షికోత్సవం నాడు స్టేజీ మీద పది నిమిషాలు కొట్టి పోతరా? డోలి చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ వచ్చినాయన పక్కన కూర్చుని నేర్చుకున్న శిష్యులకు స్కాలర్‌షిప్పు కూడా రావాలె గదా.

పంతుళ్ళ సంగతి కూడా మర్చిపోవద్దు. ఏజెన్సీలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1943లో మార్లవాయిలో మొదలైన ఆలోచన, మన బడికి మన పంతులు అన్నది, చట్టంలో నిలబడలేకపోయింది. కోర్టు సంగతి పెద్దలు చూస్తున్నరు. మనం చేయగలిగింది, మనలో పంతుళ్ళు అయ్యేవాళ్ళు మన భాష, మన చరిత్ర తెలిసి అవ్వడం.

మా రూములో మాట్లాడుకుని కొన్ని విషయాలు అనుకున్నం. మీరూ ఆలోచించండి.

మొదటిది, తీసుకపోయినది తిరిగి ఇయ్యాలె. ఊళ్ళో రికార్డు చేసిన ప్రతిదాని కాపీ ఆ ఊరి బడిలోనో, రాయ్ సెంటర్‌లోనో పెట్టాలని యూనివర్సిటీలను అడుగుదాం. పుస్తకం మీద చెప్పిన తాత పేరు, అవ్వ పేరు ఉండాలె. "ఒక గిరిజన వృద్ధుడు" అని రాస్తే ఒప్పుకోవద్దు.

రెండోది, అన్నీ చెప్పాల్సిన అవసరం లేదు. పెర్సా పేన్‌కు సంబంధించిన కొన్ని సంగతులు ఇంటిపేరు వాళ్ళు తప్ప బయటివాళ్ళు వినకూడనివి ఉంటయి. ఏది రాయాలె, ఏది వద్దు అన్నది పెద్దలు చెప్పాలె. అది వినేవాడే సరైన పరిశోధకుడు.

మూడోది, మన హాస్టళ్ళు. ఇదే మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది. యూనివర్సిటీకీ ఊరికీ నడుమ నెట్‌వర్క్ కట్టాలని పెద్దపెద్దోళ్ళు ఆలోచిస్తున్నరు. కానీ అది సగం కట్టే ఉంది. ఒక్కో హాస్టల్‌లో యాభై ఊళ్ళ పిల్లలు ఉంటరు. ప్రతి పండుగకు యాభై ఊళ్ళకు పోతరు, యాభై ఊళ్ళ నుంచి తిరిగి వస్తరు. ఏ డిపార్ట్‌మెంటుకు ఇంతకంటే మంచి దారి దొరుకుతది? మనల్ని ఎవ్వరూ అడగలేదు, అంతే. అడిగే దాకా ఆగొద్దని మేము మొదలుపెట్టినం.

మాది చిన్న పని. పోయిన సెలవుల్లో పదకొండు మందిమి తలా ఒక నోటుబుక్కు తీసుకపోయినం. ఊరు ఎప్పుడు కట్టిన్రు, పాత ఊరు ఎక్కడుండేది, ఎందుకు లేచిన్రు, మొదటి పట్టా ఎవరికి వచ్చింది, మొదటి బడి, మొదటి పంతులు, ఈ ఆరు ప్రశ్నలు. నాలుగు నోటుబుక్కులే నిండి వచ్చినయి. ఒకరు ఫోన్‌లో రికార్డు చేస్తే ఆ ఫోన్ వానలో తడిసి అంతా పోయింది. ఇంకొకరు చెప్పినాయన పేరు రాయడం మర్చిపోయిన్రు. నవ్వొచ్చింది, బాధ కూడా అయింది. కానీ ఆ నాలుగింట్లో ఒకదాంట్లో మార్లవాయిలో ట్రైనింగ్ అయిన పంతులు దగ్గర అక్షరాలు నేర్చుకున్న తాత మాటలు ఉన్నయి. గోండి వాచకం మొదటి పేజీలో ఏ బొమ్మ ఉండేదో ఆయనకు ఇంకా యాదికుంది. ఏ లైబ్రరీలో అది ఉందో మేము వెతుకుతున్నం. ఆయన మాత్రం మా ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నరు.

ఈ దీపావళికి దండారి మొదలవ్వకముందే ఆయన దగ్గరికి పోతున్నం. ఈ సారి పరీక్షలు అయినంక అని అనం. మీ హాస్టల్‌లో కూడా ఒక నోటుబుక్కు మొదలుపెట్టండి. చెప్పినాయన పేరు, ఊరు, తారీఖు ముందు రాయండి. తడవకుండా పెట్టండి.

జై జంగో, జై లింగో. జై సేవా.